అడగండి చెబుతాం: యుద్ధం అయిపోయాక ఆ ఓడలు ఏం చేశాయి?

పోయిన సంచికలో లిబర్టీ ఓడల మీద ఒక పేజీ వేశాం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా 1941 నుంచి 1945 దాకా ఒకే నమూనా మీద 2,710 సరుకు ఓడలు కట్టి సముద్రంలోకి వదిలిందని, 1942 నవంబరులో ఒక ఓడనైతే నాలుగు రోజుల పదిహేను గంటల్లో నీళ్ళలోకి దింపిందని అందులో రాశాం. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే అడిగాయి: "కట్టడం సరే, యుద్ధం అయ్యాక వాటి గతేమిటి?" అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ యుద్ధకాలపు ఓడలకే.

ప్రశ్న: మా అన్నయ్య మర్చంట్ నేవీలో చీఫ్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. ఓడ పక్కకి ఒరిగిపోయి అందరూ దిగిపోయినా, కెప్టెన్ ఒక్కడే పన్నెండు రోజులు అందులోనే ఉండిపోయాడని ఒక కథ చెబుతుంటాడు. అది నిజమా, నావికులు చెప్పుకునే గాలి కబురా? (గాజువాక నుంచి ఒక పాఠకురాలు)

నిజమేనండీ. మీ అన్నయ్యగారు చెప్పిందాంట్లో ఒక్క సవరణ: పన్నెండు రోజులూ ఒక్కడే లేడు, సగం రోజులయ్యాక ఇంకొకడు తోడొచ్చాడు. ఆ రెండోవాడు వచ్చిన తీరు ఇంకా గమ్మత్తుగా ఉంటుంది, చెబుతాను.

ఓడ పేరు ఫ్లయింగ్ ఎంటర్‌ప్రైజ్. 1944లో లాస్ ఏంజిలస్ దగ్గర విల్మింగ్టన్‌లో కట్టారు, అప్పటి పేరు కేప్ కుముకాకి. ఇది లిబర్టీ కాదు, సీ1-బీ అనే రకం. లిబర్టీకి పాతకాలపు స్టీమ్ ఇంజిన్, 11 నాట్ల వేగం (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు) అందుకుంటే గొప్ప. దీనికి టర్బైన్, 14 నాట్ల వేగంతో పోయేది. యుద్ధం అయ్యాక అమెరికా ప్రభుత్వం తన దగ్గర మిగిలిపోయిన ఓడల్ని అమ్మకానికి పెట్టినప్పుడు 1947లో న్యూయార్క్‌లోని ఇస్‌బ్రాండ్‌సెన్ కంపెనీ దీన్ని కొని పేరు మార్చి, అట్లాంటిక్ మీద యూరప్‌కీ అమెరికాకీ మధ్య తిప్పింది. కెప్టెన్ కర్ట్ కార్ల్‌సెన్, పుట్టింది డెన్మార్క్‌లో, స్థిరపడింది అమెరికాలో, 1951 చివరికి వయసు 37.

1951 డిసెంబరు 21న హాంబర్గ్ నుంచి అమెరికాకి బయల్దేరింది. లోపల వెయ్యి టన్నులకి పైగా పిగ్ ఐరన్ (కొలిమి నుంచి వచ్చిన ముడి ఇనుము) దిమ్మలు, కాఫీ గింజలు, నాఫ్తలీన్, పాత గుడ్డలు, టైపు మిషన్లు, కొన్ని ఫోక్స్‌వ్యాగన్ కార్లు. ఇవి కాక పదిమంది ప్రయాణికులు, నలభైమంది సిబ్బంది. ఇంగ్లీష్ ఛానల్ దాటి పడమటికి వచ్చేసరికి క్రిస్మస్ తుపాను పట్టుకుంది. అల దెబ్బకి డెక్కు అడ్డంగా పగిలింది, పగులు పక్క రేకుల మీదికి కూడా దిగింది. సిబ్బంది ఇనుప మోకులతో బిగించి, పగుల్లో సిమెంటు కూరి, ఎలాగో లాక్కొచ్చారు. డిసెంబరు 28న ఇంకో పెద్ద అల కొట్టింది. లోపలి సరుకు ఒక పక్కకి జారిపోయింది, ఓడ ఎడమవైపుకి ఒరిగింది, మళ్ళీ లేవలేదు. పిగ్ ఐరన్‌తో వచ్చే తంటా ఇదే, బరువు చాలా, ఆక్రమించే చోటు కొంచెం, కాబట్టి హోల్డు (ఓడ లోపల సరుకు పెట్టే గది) అడుగున కట్టుదిట్టంగా సర్దకపోతే ఒకసారి దొర్లాక దాన్ని వెనక్కి నెట్టే నాథుడుండడు.

మర్నాడు సహాయానికి ఓడలు వచ్చాయి. కానీ అంత ఒరుగు మీద లైఫ్‌బోట్లు దింపడం కుదరదు. అందుకని ప్రయాణికులు, ఒక్కొక్కరికి ఒక్కో సిబ్బంది మనిషి తోడుగా, సముద్రంలోకి దూకారు. డిసెంబరు నెల అట్లాంటిక్ నీళ్ళు ఎలా ఉంటాయో ఊహించుకోండి. వచ్చిన ఓడల పడవలు వాళ్ళని ఏరుకున్నాయి. ఒక్క పెద్దాయన మాత్రం దక్కలేదు, మిగతావాళ్ళంతా బతికారు. కార్ల్‌సెన్ దిగలేదు.

అందరూ ఆయన ధైర్యం గురించే చెబుతారు, ధైర్యం కాదని నేనూ అనను, కానీ దాని వెనక ఒక లెక్క కూడా ఉంది. మనుషులంతా వదిలేసి పోయిన ఓడ మీదికి ఏ టగ్గువాళ్ళు (పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడలవాళ్ళు) ముందు ఎక్కితే దాని మీద అదుపు వాళ్ళది, కాపాడినందుకు వాళ్ళు అడిగే వాటా కూడా బాగా పెరుగుతుంది. కెప్టెన్ ఒక్కడున్నా చాలు, ఓడ ఇంకా యజమాని చేతిలో ఉన్నట్టే. కార్ల్‌సెన్‌కి ఇది తెలియకుండా ఉండదు. మొండితనం, కంపెనీ పట్ల విశ్వాసం, సముద్ర చట్టం మూడూ కలిసి ఆయన్ని అక్కడ కూర్చోబెట్టాయని నా అభిప్రాయం. దీనివల్ల ఆయన విలువ ఏమీ తగ్గదు, ఇంకా పెరుగుతుంది కూడా, ఎందుకంటే ఆవేశంలో ఒక గంట నిలబడటం వేరు, చలిలో తడిబట్టలతో రోజుల తరబడి నిలబడటం వేరు.

ఎలా ఉన్నాడంటారా? అరవై డిగ్రీల ఒరుగులో నేల ఏదో గోడ ఏదో తెలీదు. గోడా నేలా కలిసే మూలలో పరుపు వేసుకుని పడుకునేవాడు. ఆయనకి హామ్ రేడియో (సరదాకి సొంతంగా నడిపే వైర్‌లెస్) అలవాటుంది, బ్యాటరీ సెట్టు ఒకటి పనిచేస్తుంటే దాంతోనే బయటి ఓడలతో మాట్లాడాడు. కాపలాగా వచ్చిన అమెరికన్ డిస్ట్రాయర్ (యుద్ధనౌక) తాడు కట్టి ఫ్లాస్కులో వేడి కాఫీ, తిండి పంపేది.

జనవరి 3న టర్మాయిల్ అనే బ్రిటిష్ టగ్గు వచ్చింది. టగ్గు నుంచి మోకు విసురుతున్నారు, ఈయన ఒక చేత్తో పడిపోకుండా పట్టుకోవాలి, రెండో చేత్తో అంత బరువైన మోకు లాగి కట్టాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మర్నాడు టగ్గు ఓడ వెనక భాగానికి దాదాపు తగిలేంత దగ్గరికి వచ్చినప్పుడు, టగ్గు మేట్ (కెప్టెన్ కింది అధికారి) కెన్నెత్ డాన్సీ, 27 ఏళ్ళ కుర్రాడు, ఒక్క దూకు దూకి ఓడ రెయిలింగు పట్టుకుని ఎక్కేశాడు. తోడొచ్చాడన్నది ఇతనే. ఇద్దరూ కలిసి 5వ తేదీన మోకు కట్టగలిగారు. అప్పటికి ఇంగ్లండ్‌లోని ఫాల్మౌత్ రేవు 300 నాటికల్ మైళ్ళ దూరం.

అక్కణ్ణుంచి ప్రపంచమంతా పేపర్లు పట్టుకుని కూర్చుంది. జనవరి 10 తెల్లవారుజామున ఒకటిన్నరకి, ఇంక 31 నాటికల్ మైళ్ళే ఉందనగా, గాలి మళ్ళీ ముదిరి మోకు తెగింది. మధ్యాహ్నానికి ఓడ పూర్తిగా పక్కమీద పడుకుంది, పొగగొట్టం నీళ్ళకి సమాంతరంగా వచ్చేసింది. ఇద్దరూ దాని మీద నడుచుకుంటూ చివరిదాకా వచ్చి దూకారు. ముందు డాన్సీ, తర్వాత కార్ల్‌సెన్. టర్మాయిల్ నిమిషాల్లో ఎత్తుకుంది. సాయంత్రం 4:10కి ఓడ మునిగింది.

అమెరికా వెళ్ళాక న్యూయార్క్ వీధుల్లో కార్ల్‌సెన్‌ని కాగితాలు చల్లుతూ ఊరేగించారు. తన కథకి పెద్ద పెద్ద మొత్తాలు ఇస్తామన్నారు, ఆయన వద్దన్నాడు. కంపెనీ ఇంకో ఓడకి ఫ్లయింగ్ ఎంటర్‌ప్రైజ్ 2 అని పేరు పెట్టి ఆయనకే ఇచ్చింది, ఆయనా తన పని తాను చేసుకుంటూ పోయాడు. పొగడ్తలకంటే నాకు ఈ చివరి ముక్కే నచ్చుతుంది.

ప్రశ్న: అదే ఓడలో అణు జలాంతర్గామికి కావలసిన రహస్య సరుకు ఉందని ఒక వీడియోలో చూశాను. ఎంతవరకు నిజం? (ఖమ్మం)

జిర్కోనియం కథ మీరు చూసింది. అమెరికా అప్పట్లో నాటిలస్ జలాంతర్గామి కడుతోంది, దాని రియాక్టరుకి జిర్కోనియం కావాలి, ఇంతవరకు నిజం. ఆ లోహం ఈ ఓడలో ఉందన్నది మాత్రం అనుమానం స్థాయిలోనే ఉంది, సరుకు చిట్టాలో ఆ పేరు లేదు. నిజంగా బయటికి తీసింది డబ్బు: 1953లో మునిగిన ఓడల నుంచి సరుకు తీసే ఇటాలియన్ సాల్వేజ్ కంపెనీ ఒకటి మనుషుల్ని దింపి రెండు లక్షల డాలర్ల పైచిలుకు కరెన్సీ నోట్లు పైకి తెచ్చింది. పని గుట్టుగా చేయడంతో పుకార్లకి రెక్కలొచ్చాయి.

ప్రశ్న: అంత పెద్ద ఇనుప ఓడ అల కొడితే పగలడమేమిటి? హడావుడిగా కట్టారు కాబట్టి నాసిరకం వెల్డింగ్ అనుకోవచ్చా? (మెకానికల్ డిప్లొమా విద్యార్థి, కాకినాడ)

అప్పట్లో అందరూ అదే అనుకున్నారు. యుద్ధకాలపు ఓడలు చాలావాటికి పగుళ్ళు వచ్చాయి, కొన్ని రెండు ముక్కలయ్యాయి. 1943 జనవరిలో షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు తుపాను లేదు, అల లేదు, రేవులో కట్టేసి ఉండగానే నడిమికి విరిగింది, చప్పుడు మైలు దూరం వినిపించిందట. వెల్డర్ల మీద నింద పడింది. కొత్తగా పని నేర్చుకున్నవాళ్ళు, వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది, అంటే నింద వేయడం ఇంకా సులువు.

కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే లోహశాస్త్రవేత్త దీన్ని పరిశోధించి, అసలు దోషం ఉక్కులో ఉందని తేల్చింది. అప్పటి ఓడల ఉక్కు మామూలు వేడిలో సాగుతుంది, కొంత చలి దాటాక సాగే గుణం పోయి పెళుసవుతుంది. ఉత్తర అట్లాంటిక్ నీళ్ళు ఆ హద్దుకి దిగువనే ఉండేవి. దీనికి తోడు డిజైన్లో ఒక లోపం, లిబర్టీల హాచ్ (హోల్డులోకి సరుకు దింపడానికి డెక్కులో కోసిన ద్వారం) మూలలు చతురస్రంగా కోశారు. ఒత్తిడంతా పదును మూలలోనే పోగవుతుంది, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది.

మరి వెల్డింగ్ పాత్ర ఏమిటంటే, పగులు పుట్టించడం కాదు, ఆపకపోవడం. పాత ఓడల్లో రేకుల్ని రివెట్లతో కలిపేవాళ్ళు, ఒక రేకు పగిలితే చీర చిరుగు కుట్టు దగ్గర ఆగినట్టు అతుకు దగ్గర ఆగేది. వెల్డింగ్ ఓడలో అన్ని రేకులూ కలిసి ఒకటే ముక్క, పగులుకి ఎదురు లేదు. తర్వాత మూలల్ని గుండ్రంగా చేశారు, డెక్కు మీద రివెట్లతో పట్టీలు వేశారు, యుద్ధం అయ్యాక ఉక్కు నాణ్యతకే కొత్త ప్రమాణాలు పెట్టారు. మీరు ల్యాబులో చార్పీ టెస్ట్ చేసి ఉంటారు కదా, రకరకాల ఉష్ణోగ్రతల్లో ముక్క విరిచి చూస్తారు, ఆ పరీక్షకి ఓడల ఉక్కులో అంత ప్రాముఖ్యం రావడానికి ఈ పగుళ్ళే కారణం. పరీక్షలో రాయండి, మార్కులొస్తాయి.

ప్రశ్న: అన్ని ఓడలు ఎవరు కొన్నారు? (నిజామాబాద్)

1946లో అమెరికా ఒక చట్టం చేసి అమ్మింది. కట్టడానికి ఒక్కో లిబర్టీకి దాదాపు 20 లక్షల డాలర్లయింది, అమ్మింది అందులో మూడో వంతుకి అటూ ఇటూగా. గ్రీకు యజమానులకి వాళ్ళ ప్రభుత్వం హామీ ఉండి వంద ఓడలు ఇచ్చారు, కొంత రొక్కం, మిగతాది వాయిదాలు. యుద్ధంలో చాలా ఓడలు పోగొట్టుకున్న గ్రీకులు మళ్ళీ లేచింది ఆ వందతోనే. ఇటలీ, నార్వే, ఫ్రాన్స్ కూడా తీసుకున్నాయి. అయిదేళ్ళు తిరిగితే చాలని కట్టిన ఓడలు పాతికేళ్ళు కూడా తిరిగాయి. గట్టివి కాబట్టి కాదు, చౌకగా వచ్చాయి, ఇంజిన్ బాగుచేయడం తేలిక, విడిభాగాలు ఎక్కడైనా దొరికేవి. మిగిలినవి అరవైల్లో ఎక్కువభాగం తుక్కు కింద పోయాయి.

ప్రశ్న: 2020లో బీరూట్ పేలుడు అయినప్పుడు మా వైజాగ్‌లో అందరికీ టెన్షనే, ఎందుకంటే అమ్మోనియం నైట్రేట్ ఇక్కడి పోర్టుకే వస్తుంది. అలాంటిది ఓడలో పేలిన సందర్భం ఉందా? (మల్కాపురం)

ఉంది. అదీ ఒక లిబర్టీ ఓడే. 1942లో బెంజమిన్ ఆర్. కర్టిస్ పేరుతో కట్టారు, యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌కి పోయి గ్రాన్‌కాంప్ అయింది. 1947 ఏప్రిల్ 16 ఉదయం అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో ఉంది, హోల్డుల్లో కాగితపు సంచుల్లో సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్. బీరూట్ గోదాములో ఉన్నది 2,750 టన్నులు, పోల్చి చూసుకోండి. యుద్ధంలో నాశనమైన యూరప్ పొలాలకి ఎరువుగా పోతోందది. తయారైంది మాత్రం అంతకుముందు మందుగుండు చేసిన ఫ్యాక్టరీల్లో.

ఉదయం ఎనిమిది గంటలప్పుడు హోల్డులో పొగ కనిపించింది. నీళ్ళు కొడితే సరుకు పాడవుతుందని కెప్టెన్ వద్దన్నాడు, హాచ్‌లు మూసేసి లోపలికి ఆవిరి వదలమన్నాడు. పత్తికో బొగ్గుకో అయితే అది సరైన పద్ధతే, గాలి అందక మంట చచ్చిపోతుంది. అమ్మోనియం నైట్రేట్‌కి బయటి గాలితో పనిలేదు, ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. మూత వేస్తే లోపల ఒత్తిడి, ఆవిరి వదిలితే ఇంకా వేడి. పైకి నారింజ రంగు పొగ వస్తుంటే చూడముచ్చటగా ఉందని జనం రేవు దగ్గర గుమిగూడారు, స్కూలు పిల్లలు కూడా. 9:12కి పేలింది. చనిపోయినవాళ్ళు కనీసం 581 మంది. ఊరి ఫైర్ సిబ్బందిలో ఒక్కడు తప్ప అందరూ పోయారు. ఓడ లంగరు ఎగిరి ఒకటిన్నర మైళ్ళకి పైగా దూరంలో పడింది. పక్కనే ఉన్న హై ఫ్లయర్ అనే ఇంకో ఓడలోనూ అదే ఎరువు, గంధకం ఉంటే, అది ఆ రాత్రి ఒంటిగంట దాటాక పేలింది.

ఆ కెప్టెన్‌ని తప్పుపట్టే ముందు ఒకటి గుర్తుంచుకోండి. సంచుల మీద ఎరువు అని ఉందే తప్ప పేలుతుందని ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. మన దగ్గర 2012లో అమ్మోనియం నైట్రేట్ కోసం వేరుగా నిబంధనలు తెచ్చారు, లైసెన్సు లేకుండా దిగుమతి, నిల్వ కుదరవు. మీ భయం అర్థంలేనిదేమీ కాదు, రేవులో ఎంత సరుకు ఎన్ని రోజులు ఉంచుతున్నారని అడగడం అక్కడ ఉండేవాళ్ళ హక్కు.

ప్రశ్న: ఈ ఓడలకి మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా? (తెనాలి)

బాగానే ఉంది. బొంబాయిలో 1948లో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ షిప్పింగ్ కంపెనీ మొట్టమొదటి ఓడ జగ్ విజయ్, అది యుద్ధంలో కెనడా కట్టిన ఫోర్ట్ ఎల్లిస్. లిబర్టీలూ ఈ ఫోర్ట్ ఓడలూ ఒకే బ్రిటిష్ నమూనా నుంచి వచ్చిన దాయాదులు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో పత్తి, మందుగుండు ఒకేచోట వేసుకొచ్చి పేలిన ఫోర్ట్ స్టికీన్ కూడా ఆ కుటుంబానిదే.

ఇంకోటి తిండి సంగతి. 1951లో మనకి తిండిగింజల కొరత వచ్చింది. అమెరికా కాంగ్రెస్ వాదోపవాదాల తర్వాత జూన్‌లో 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది, దాంతో 20 లక్షల టన్నుల ధాన్యం కొనుక్కోవాలి. కొనడం సరే, మోసుకురావాలి కదా! కొరియా యుద్ధంతో ఓడలకి కరువు. అప్పుడు నదుల్లో, కయ్యల్లో వరసగా కట్టి మూలపడేసిన యుద్ధకాలపు ఓడల్ని తుప్పు గీకి, బాయిలర్లు వెలిగించి మళ్ళీ బయటికి తీశారు. మన గోధుమలు మోసినవాటిలో అవీ ఉన్నాయి. ఫ్లయింగ్ ఎంటర్‌ప్రైజ్ ఆఖరి ప్రయాణం కూడా ఆ ఏడాదే.

విశాఖ సంగతి చెప్పకపోతే అక్కడివాళ్ళు ఊరుకోరు. సింధియా షిప్‌యార్డుకి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసింది 1941 జూన్ 21న, అమెరికాలో మొదటి లిబర్టీ నీళ్ళలోకి దిగింది అదే ఏడాది సెప్టెంబరు 27న. వాళ్ళు నాలుగేళ్ళలో 2,710 కట్టారు. మనకి 1942 ఏప్రిల్‌లో జపాన్ బాంబులు, సామాన్ల కొరత, పని ఆగిపోవడం. మన మొదటి ఓడ జలఉష 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా దిగింది. అందుకే అప్పటిదాకా మన కంపెనీలు బయటివాళ్ళ సెకండ్‌హ్యాండ్ ఓడల కోసం ఎగబడ్డాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రీమాంట్‌లో ఉంటాడు, వచ్చే వేసవికి వెళ్తున్నాం. అలాంటి ఓడ ఇప్పుడేదైనా చూడొచ్చా? (హనుమకొండ)

తప్పకుండా. శాన్ ఫ్రాన్సిస్కోలోనే జెరమయా ఒబ్రయన్ అనే లిబర్టీ ఉంది. 1943లో మెయిన్ రాష్ట్రంలో కట్టింది, 1944లో మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్ తీరంలో దిగిన నార్మండీ దాడిలో ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య పదకొండు ట్రిప్పులు వేసింది, యుద్ధం అయ్యాక ముప్ఫై మూడేళ్ళు ఒక కయ్యలో మూలపడి ఉంటే వలంటీర్లు 1979లో సొంత ఆవిరి మీదే నడిపించుకొచ్చారు. 1994లో నార్మండీ స్వర్ణోత్సవానికి మళ్ళీ అంతదూరం వెళ్ళొచ్చింది. 2020లో రేవులో మంటలు లేచినప్పుడు కొద్దిలో తప్పించుకుంది, తర్వాత కట్టే చోటు మార్చారు, కాబట్టి వెళ్ళేముందు ఇప్పుడు ఏ పియరులో ఉందో అబ్బాయిని ఒకసారి చూడమనండి. కొన్ని వారాంతాల్లో ఇంజిన్ తిప్పి చూపిస్తారు, వీలైతే ఆ రోజే పెట్టుకోండి, మూడంతస్తుల ఎత్తు ఇంజిన్ కళ్ళ ముందు తిరుగుతుంటే ఆ చూపే వేరు. మెట్లు నిలువుగా, ఇరుగ్గా ఉంటాయి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి, మోకాళ్ళ నొప్పులుంటే డెక్కు మీదే తిరిగి రండి. మీ బంధువులెవరైనా తూర్పు తీరంలో ఉంటే బాల్టిమోర్‌లో జాన్ డబ్ల్యూ. బ్రౌన్ ఉంది, యుద్ధం అయ్యాక అది 1982 దాకా న్యూయార్క్‌లో ఒకేషనల్ హైస్కూలుగా పనిచేసింది, పిల్లలు డెక్కు మీదే పాఠాలు నేర్చుకున్నారు.